పాఠకుల ప్రశ్నలు: రైలెక్కిన కంటైనర్‌కు కర్బన లెక్క ఎలా కట్టాలి?

ప్రశ్న: మేం ఏటా కొన్ని వందల కంటైనర్లను రైల్లో రేవుకు పంపుతాం. ఈసారి కొనుగోలుదారు రవాణా ఉద్గారాల లెక్క అడిగారు. రైలు సంస్థను అడిగితే టన్ను-కిలోమీటరుకు (ఒక టన్నును ఒక కిలోమీటరు మోయడానికి) 13 గ్రాములంది. అదే మార్గానికి, అదే రైలుకు మా రవాణా ఏజెంటు 32 గ్రాములన్నాడు. ఎవరి లెక్క తప్పు?

జవాబు: ఇద్దరిదీ ఒప్పే కావచ్చు. రైలు ఒకటే, కాలిన డీజిలూ ఒకటే. దాన్ని దేనితో భాగించారన్న దగ్గరే తేడా వచ్చింది. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ భాగహారం దగ్గరే జరుగుతాయి కాబట్టి దీన్ని అంకెలతో సహా చూద్దాం.

ఒక నమూనా రైలు అనుకోండి. 45 ఫ్లాట్ వ్యాగన్లు, ఒక్కోదాని ఖాళీ బరువు 20 టన్నులు. వ్యాగన్‌కు రెండు చొప్పున 90 ఇరవై అడుగుల కంటైనర్లకు చోటుంది, 72 ఎక్కాయి. ఖాళీ కంటైనర్ బరువు 2.2 టన్నులు, లోపలి సరుకు సగటున 10 టన్నులు. ప్రయాణం 1,000 కిలోమీటర్లు, లాగేది డీజిల్ ఇంజిన్.

వ్యాగన్లు 900 టన్నులు, కంటైనర్ల సొంత బరువు 158, సరుకు 720. ఇంజిన్ వెనక ఉన్న మొత్తం బరువు 1,778 టన్నులు. వెయ్యి గ్రాస్ టన్ను-కిలోమీటర్లకు (అంటే వ్యాగన్లతో సహా మొత్తం బరువు మీద) 4 లీటర్ల చొప్పున 7,112 లీటర్ల డీజిల్ అవుతుంది. లీటరుకు 3.24 కిలోల లెక్కన సుమారు 23,040 కిలోల కార్బన్ డయాక్సైడ్ సమానం (భూమిని వేడెక్కించే మిగతా వాయువులను కూడా కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చి కలిపిన లెక్క).

ఈ 23,040 కిలోలను మొత్తం బరువుతో, అంటే వ్యాగన్లను కూడా కలిపి భాగిస్తే 13 గ్రాములు. సరుకుకు కంటైనర్ బరువు మాత్రమే కలిపి భాగిస్తే 26. ఒక్క సరుకుతో భాగిస్తే 32. రైలు సంస్థ ఇచ్చింది మొదటిది. ఇంజిన్ల పనితీరు బేరీజు వేసుకోవడానికి అది పనికొస్తుంది. మీ కొనుగోలుదారుకు కావలసింది మూడోది. రవాణా ఉద్గారాల లెక్కకు 2023లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14083 ప్రకారం సరుకు బరువంటే సరుకు, దాని ప్యాకింగు. రవాణా కోసం వాడే కంటైనర్ బరువు అందులోకి రాదు. మీ సరుకు టన్నులను 13తో గుణించి పంపితే అసలు ఉద్గారాల్లో సగం కూడా లెక్కలోకి రావు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. 2016 జులై 1 నుంచి ఓడ ఎక్కే ప్రతి నిండు కంటైనర్‌కూ ధ్రువీకరించిన మొత్తం బరువు చూపాలని సోలాస్ (సముద్రంలో ప్రాణ భద్రత కోసం ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) నిబంధన. చాలామంది కాగితం మీద ఎదురుగా కనిపిస్తోంది కదా అని ఆ అంకెనే తీసుకుని 32తో గుణిస్తారు. అందులో కంటైనర్ బరువు కలిసి ఉంటుంది. మన నమూనాలో 10కి బదులు 12.2 పడుతుంది, అంటే 22 శాతం ఎక్కువ చూపినట్టు. ప్యాకింగ్ లిస్టులోని సరుకు బరువు తీసుకోండి.

ప్రశ్న: డీజిల్ లీటరుకు కొందరు 2.67 కిలోలంటారు, మీరు 3.24 వేశారు. ఎందుకని?

జవాబు: ఇంజిన్‌లో కాలినప్పుడు వచ్చేది మాత్రమే 2.67. ముడిచమురు తవ్వి, శుద్ధి చేసి, ట్యాంకుదాకా చేర్చడంలో వెలువడినది కూడా కలిపితే 3.24. యూరప్‌లో 2012 నుంచి నడిచిన ఈఎన్ 16258 ప్రమాణం ఈ రెండు అంకెలనూ ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన ఐఎస్ఓ 14083 కూడా మొత్తం ఉద్గారాలనే అడుగుతుంది. మీ దేశం అధికారికంగా ప్రకటించిన గుణకం వేరే ఉంటే, ముఖ్యంగా డీజిల్‌లో బయోడీజిల్ కలుస్తుంటే, దాన్నే వాడండి. ఏది వాడినా డీజిల్ రైలుకూ కరెంటు రైలుకూ లారీకీ ఒకే హద్దు (కాలినది మాత్రమేనా, తయారీతో కలిపా అన్నది) పెట్టుకోవాలి. కరెంటు రైలు పొగ వదలదు కనుక సున్నా అని రాసి, లారీకి మాత్రం పూర్తి లెక్క వేసే పట్టికలు తిరుగుతూనే ఉన్నాయి. అవి పోలికకు పనికిరావు.

ప్రశ్న: రైలు వెళ్లేటప్పుడు నిండుగా వెళ్లి, వచ్చేటప్పుడు ఖాళీ కంటైనర్లతో వస్తుంది. ఆ తిరుగు ప్రయాణం మా ఖాతాలో ఎందుకు వేసుకోవాలి?

జవాబు: మీ సరుకు వెళ్లింది కాబట్టే ఆ ఖాళీలు వెనక్కి రావలసి వచ్చింది. ఆ డీజిల్‌కు వేరే యజమాని లేడు. ప్రమాణం కూడా ఖాళీ పరుగును సరుకు మోసిన పరుగు మీదే వేయమంటుంది.

ఎంత తేడా వస్తుందో పై రైలుతోనే చూడండి. తిరుగు దారిలో వ్యాగన్లు 900 టన్నులు, ఖాళీ కంటైనర్లు 158, మొత్తం 1,058. తేలిక రైలుకు గ్రాస్ టన్నుకు పట్టే ఇంధనం కాస్త ఎక్కువ, 4.5 లీటర్లు అనుకుంటే 4,761 లీటర్లు, అంటే 15,426 కిలోలు. రెండు దారులూ కలిపి 38,466 కిలోలు. మోసిన సరుకు మాత్రం అదే 720 టన్నులు. 32 గ్రాములు కాస్తా 53 అయింది. డీజిల్ గుణకంలో రెండో దశాంశం గురించి వాదించుకునేవాళ్లు ఈ 21 గ్రాములను చూడకుండా దాటేయడం నాకు బాధగా ఉంటుంది.

తిరుగు దారిలో సగం కంటైనర్లకైనా సరుకు దొరికితే ఆ టన్ను-కిలోమీటర్లు కిందికి, అంటే భాగించే సంఖ్యలోకి చేరతాయి. కాబట్టి ఒక్క దిశ చూడకండి. ఆ మార్గంలో రెండు దిశల రైళ్లనూ ఏడాది పాటు కలిపి, మొత్తం ఇంధనాన్ని మొత్తం సరుకు టన్ను-కిలోమీటర్లతో భాగించండి. ఒక్క ట్రిప్పు లెక్క నమ్మదగినది కాదు. ఎదురుగాలి, సిగ్నళ్ల దగ్గర ఆగి మళ్లీ కదలడం, ఆ రోజు ఎక్కిన లోడు, ఇవన్నీ అంకెను అటూ ఇటూ లాగేస్తాయి.

ప్రశ్న: మాది తేలిక సరుకు, కంటైనర్‌కు 5 టన్నులే పడుతుంది. అదే రైల్లో టైల్స్ వాళ్లు 25 టన్నులు నింపుతారు. లెక్క టన్నుల మీద కట్టాలా, కంటైనర్ల మీద కట్టాలా?

జవాబు: మంచి ప్రశ్న. పద్ధతిని బట్టి ఇక్కడ ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. నమూనా రైల్లో వెళ్లే దారి మాత్రమే తీసుకుందాం.

టన్నుల మీద పంచితే మీ కంటైనర్‌కు 160 కిలోలు, టైల్స్ కంటైనర్‌కు 800. టీఈయూ మీద, అంటే ఇరవై అడుగుల కంటైనర్ ఒక యూనిట్‌గా పంచితే ఇద్దరికీ 320. నిజంగా ఇంజిన్ పడిన కష్టం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మీ వాటాకు అర వ్యాగన్ 10 టన్నులు, కంటైనర్ 2.2, సరుకు 5, కలిపి 17.2 టన్నులు. గ్రాస్ టన్నుకు 13 చొప్పున 223 కిలోలు. టైల్స్ వాళ్లది 37.2 టన్నులు, 482 కిలోలు. ఎవరూ ఎక్కని 18 చోట్ల వ్యాగన్ బరువును 72 కంటైనర్లకూ సమానంగా పంచితే తలా మరో 32 కిలోలు. మొత్తం మీకు 255, వాళ్లకు 514. చూశారా, సరుకు అయిదు రెట్లున్నా కష్టం రెండు రెట్లే. అర వ్యాగన్ ఇనుము ఇద్దరికీ సమానమే మరి.

ప్రమాణం మాత్రం టన్ను-కిలోమీటర్లను ప్రధాన పద్ధతిగా పెట్టి, కంటైనర్లకు టీఈయూ-కిలోమీటర్లను కూడా ఒప్పుకుంటుంది. ఏది తీసుకున్నా ఆ రైల్లోని అందరికీ అదే వాడాలి. తేలిక సరుకువాళ్లు టన్నుల మీద, బరువు సరుకువాళ్లు టీఈయూల మీద కట్టుకుంటే రెండు వైపులా తక్కువే పడుతుంది, అన్ని వాటాలూ కూడితే రైలు అసలు ఉద్గారాలకు సరిపోవు. నివేదికలో ఏ పద్ధతో ఒక వాక్యంలో రాయండి.

సరుకు బరువు అసలు తెలియకపోతే టీఈయూకు తేలిక సరుకు 6, మధ్యరకం 10, బరువైనది 14.5 టన్నులుగా తీసుకోవడం వాడుకలో ఉంది. నలభై అడుగుల కంటైనర్ రెండు టీఈయూలు. అయితే దాని సొంత బరువు రెట్టింపు కాదు, 3.7 నుంచి 4 టన్నుల మధ్య ఉంటుంది.

ప్రశ్న: కరెంటు రైలైతే ఉద్గారాలు ఎప్పుడూ డీజిల్ కన్నా తక్కువేనా?

జవాబు: దాదాపు ఎప్పుడూ తక్కువే. కానీ ఎంత తక్కువన్నది గ్రిడ్‌ను బట్టి ఉంటుంది. మన 1,778 టన్నుల రైలుకు గ్రాస్ టన్ను-కిలోమీటరుకు 12 వాట్-అవర్లు పడుతుందనుకుంటే 1,000 కిలోమీటర్లకు 21,336 యూనిట్లు. ఇది ఇంజిన్ మీది పాంటోగ్రాఫ్ (పై తీగ నుంచి కరెంటు తీసుకునే చట్రం) దగ్గర కొలిచినది. విద్యుత్ కేంద్రం నుంచి అక్కడిదాకా దారిలో 8 శాతం పోతుందనుకుంటే, ఉత్పత్తి కావలసింది 23,190 యూనిట్లు.

యూనిట్‌కు 100 గ్రాములు వెలువడే శుభ్రమైన గ్రిడ్‌లో సరుకు టన్ను-కిలోమీటరుకు 3.2 గ్రాములు. 700 గ్రాముల గ్రిడ్‌లో 22.5. బొగ్గు మీదే నడిచి యూనిట్‌కు 1,000 గ్రాములు వదిలే గ్రిడ్‌లో 32, అంటే డీజిల్‌తో సమానం. సమానమయ్యే చోటు అక్కడుంది.

తప్పులు జరిగే చోట్లు మూడు. మొదటిది, మీటరు ఎక్కడుందో అడగకపోవడం. రైల్వే సబ్‌స్టేషన్ మీటరు అంకె తీసుకుంటే రైల్వే తీగల్లోని నష్టం అందులో అప్పటికే ఉంటుంది, దాన్ని మళ్లీ కలపకూడదు. రెండోది, బ్రేకు వేసినప్పుడు తిరిగి తీగలోకి పంపిన కరెంటును మీటరు ఒకసారి తీసేశాక, లెక్కవేసేవాళ్లు ఇంకోసారి తగ్గించడం. మూడోది, మార్గంలో కొంత దూరం డీజిల్ ఇంజిన్ లాగితే మొత్తాన్నీ కరెంటు ఖాతాలో వేయడం. యార్డులో షంటింగ్ (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి కలపడం) చాలాచోట్ల ఇప్పటికీ డీజిలే.

రైలు సంస్థ పునరుత్పాదక విద్యుత్ ఒప్పందం చూపిస్తే రెండు అంకెలూ ఇవ్వండి, స్థానిక గ్రిడ్ సగటుతో ఒకటి, ఒప్పందం ప్రకారం ఒకటి. సంస్థల ఉద్గారాల లెక్కకు నియమాలిచ్చే జీహెచ్‌జీ ప్రోటోకాల్ 2015 మార్గదర్శకం చెప్పేది అదే. చెట్లు నాటామనో, క్రెడిట్లు కొన్నామనో ఈ అంకెలోంచి తీసేయడం కుదరదు.

ప్రశ్న: రైలు బరువు పెరిగితే టన్నుకు పట్టే శక్తి తగ్గుతుందంటారు, ఎంత?

జవాబు: మోస్తరు ఎత్తుపల్లాలున్న మార్గంలో 1,000 టన్నుల కరెంటు రైలుకు గ్రాస్ టన్ను-కిలోమీటరుకు 16, 17 వాట్-అవర్లు పడితే, 2,000 టన్నుల రైలుకు 11 దాకా దిగుతుంది. అందుకే ఏదో ఒక సగటు అంకెను పొట్టి రైలుకూ పొడుగు రైలుకూ వాడకూడదు.

ప్రశ్న: దూరం దగ్గర గందరగోళంగా ఉంది. రైలు తిరిగిన అసలు దూరమా, రెండు ఊళ్ల మధ్య తిన్నని దూరమా?

జవాబు: ఇంధనం అసలు దూరానికే కాలుతుంది, అందులో సందేహం లేదు. కానీ సరుకు టన్ను-కిలోమీటర్లు లెక్కించేటప్పుడు ఐఎస్ఓ 14083 రెండు దూరాల్లో ఒకటి తీసుకోమంటుంది: ఆ రవాణాకు వీలైన అతి దగ్గరి దారి, లేదా భూగోళం మీద రెండు బిందువుల మధ్య తిన్నని దూరం. చుట్టుదారిలో తిప్పి, కిలోమీటర్లు పెంచి, టన్ను-కిలోమీటరుకు తక్కువ గ్రాములని చూపించుకునే వీలు లేకుండా ఈ ఏర్పాటు.

గుర్తుంచుకోవలసిందల్లా గ్రాముల అంకె ఏ దూరం మీద కట్టారో, మీరు గుణించేదీ అదే రకం దూరం కావాలని. రైలు 1,000 కిలోమీటర్లు తిరిగింది, తిన్నని దూరం 800 అనుకోండి. అసలు దూరం మీద కట్టిన 32 గ్రాములను 800తో గుణిస్తే 20 శాతం తగ్గిపోతుంది. తిన్నని దూరం మీద కట్టినప్పుడు అదే రైలు అంకె 40 గ్రాములు. 40ని 800తో గుణిస్తే సరిపోతుంది. సరుకు బిల్లు మీద ఉన్న కిలోమీటర్లు చార్జీ కోసం వేసినవి కావచ్చు, అవి ఏ దూరమో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: ఫ్యాక్టరీ నుంచి టెర్మినల్‌కు లారీ ఉంది, ఆ చివరా లారీ ఉంది. చిన్న దూరాలే కదా, వదిలేయవచ్చా?

జవాబు: వదలకండి. ఒక చివర 60 కిలోమీటర్లు అనుకుందాం. లోడుతో వంద కిలోమీటర్లకు 35 లీటర్లు తాగే లారీ, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు 25 తాగుతుంది. 21, 15 కలిపి 36 లీటర్లు, 117 కిలోలు. రెండు చివరలా అయితే 233. లారీ ఒకే ఇరవై అడుగుల కంటైనర్ మోస్తే ఆ 233 కిలోలూ దాని మీదే. అదే కంటైనర్‌కు 1,000 కిలోమీటర్ల రైలు వాటా 320 కిలోలే!

ఆ కంటైనర్‌ను పూర్తిగా లారీలోనే పంపి ఉంటే? రెండు కంటైనర్లు మోసే లారీ వెళ్లే దారిలో 350 లీటర్లు తాగి 1,134 కిలోలు వదులుతుంది, కంటైనర్‌కు 567. రైలు, లారీలు కలిపి 553. డీజిల్ రైలు, ఒక్క కంటైనర్ లారీలు, రెండు చివరలా 60 కిలోమీటర్లు అన్న పరిస్థితిలో రైలు లాభం దాదాపు కరిగిపోయింది. చివరి లారీలు రెండేసి కంటైనర్లు మోస్తే మొత్తం 437కు దిగుతుంది. (రైలుకైనా లారీకైనా ప్రధాన దూరంలో ఇక్కడ వెళ్లే దారి మాత్రమే తీసుకున్నాం. ఒకదానికి తిరుగు ఖాళీ కలిపితే రెండోదానికీ కలపాలి.) రైలు శుభ్రమైన గ్రిడ్ మీద నడిచేదైతే ఆ 320 కిలోలు 32 అవుతాయి, అప్పుడు మీ ఉద్గారాల్లో ఎక్కువ భాగం లారీలదే. రైలుకు మారుతున్న సంస్థలు టెర్మినల్‌కు దగ్గరి గిడ్డంగి మీద శ్రద్ధ పెట్టాలని చెప్పేది ఇందుకే.

టెర్మినల్‌లో రీచ్ స్టాకర్లు (కంటైనర్లను ఎత్తి పేర్చే వాహనాలు), క్రేన్ల లెక్క తేలికే. ఏడాదిలో అక్కడ వాడిన డీజిల్, కరెంటు ఉద్గారాలను ఏడాదిలో దాటిన కంటైనర్ల సంఖ్యతో భాగించండి. ఎత్తిన సార్లతో భాగిస్తే మాత్రం తప్పుతుంది. ఒక్క కంటైనర్‌నే రైలు నుంచి దింపి, వరసలో పెట్టి, కిందున్నదాని కోసం పక్కకు జరిపి, లారీ మీద పెట్టేసరికి మూడు నాలుగు సార్లు ఎత్తుతారు.

ప్రశ్న: రీఫర్ (శీతల) కంటైనర్లకు అదనంగా ఏం కలపాలి?

జవాబు: చల్లదనానికి వాడిన శక్తి కలపాలి. అది కిలోమీటర్ల మీద కాదు, గంటల మీద ఆధారపడుతుంది. నలభై అడుగుల రీఫర్ సగటున 3 కిలోవాట్లు తీసుకుంటూ, ఆగడాలతో కలిపి 40 గంటలు ప్రయాణించిందనుకోండి, 120 యూనిట్లు. తగిలించిన డీజిల్ జనరేటర్ మీద నడిస్తే, తక్కువ లోడులో యూనిట్‌కు 0.35 లీటరు చొప్పున 42 లీటర్లు, 136 కిలోలు. రెండు టీఈయూల రైలు వాటా 640 కిలోల పక్కన అది అయిదో వంతు. రైలు యార్డులో ఒక రోజు నిలిచిపోతే ఇంకో 24 గంటలు కలుస్తాయి. జనరేటర్‌కు అవర్ మీటరు ఉంటుంది, బయల్దేరేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి దాని అంకె రాయించుకోండి.

కంప్రెసర్‌లోని గ్యాసు కారడం కూడా లెక్కలోకి వస్తుంది. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం) ఆరో నివేదిక ప్రకారం ఆర్-134ఎ ఒక్క కిలో గాల్లో కలిస్తే 1,530 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మరమ్మతు రికార్డుల్లో ఏడాదిలో ఎంత గ్యాసు తిరిగి నింపారో చూస్తే కారినదెంతో తేలుతుంది.

ప్రశ్న: కంటైనర్లను వ్యాగన్ల మీద ఎలా సర్దారన్నది కూడా ఇంధనాన్ని మారుస్తుందా?

జవాబు: మారుస్తుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి వేగంగా వెళ్లే రైళ్లలో ఎక్కువ మారుస్తుంది. ఇంజిన్ వెనక వెంటనే ఖాళీ చోట్లు వదిలితే ప్రతి ఖాళీ దగ్గరా గాలి కొత్తగా ఢీకొంటుంది. ఖాళీలను తోకవైపు చేర్చడానికి అదనపు ఖర్చేమీ ఉండదు, సర్దేవాళ్లకు చెబితే చాలు.

ప్రశ్న: రైలు సంస్థను ఏయే వివరాలు అడగాలి? మేం వేసిన అంకె నమ్మదగినదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఒకే ఉత్తరంలో ఇవి అడగండి. ఆ మార్గంలో గత 12 నెలల్లో రెండు దిశలా వాడిన డీజిల్ లీటర్లు, కరెంటు యూనిట్లు, మీటరు ఎక్కడిది. గ్రాస్ టన్ను-కిలోమీటర్లు, సరుకు టన్ను-కిలోమీటర్లు. నిండు టీఈయూ-కిలోమీటర్లు, ఖాళీ టీఈయూ-కిలోమీటర్లు విడివిడిగా. దూరం ఏ రకం. షంటింగ్ ఇంధనం కలిసిందా లేదా. గ్రాముల అంకె మాత్రమే ఇస్తామంటే, అది ఏ బరువు మీద కట్టారో, ఖాళీ పరుగు అందులో ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ రెండూ చెప్పని అంకెను నివేదికలో పెట్టవద్దు. దానికన్నా గ్లెక్ చట్రంలోని (సరుకు రవాణా ఉద్గారాల లెక్కకు అంతర్జాతీయంగా వాడే మార్గదర్శకం) డిఫాల్టు విలువ వాడి, అది డిఫాల్టని చెప్పడమే నిజాయతీ.

సరిచూసుకోవడానికి ఒక కొలత ఉంది. అమెరికా గూడ్స్ రైళ్లు ఒక గాలన్ డీజిల్‌తో ఒక టన్ను సరుకును దాదాపు 500 మైళ్లు మోస్తాయని అక్కడి రైల్వే సంఘం ప్రకటిస్తుంది. వాళ్ల టన్ను 907 కిలోలు, గాలన్ 3.785 లీటర్లు. మార్చి చూస్తే లీటరుకు 193 టన్ను-కిలోమీటర్లు, కాలిన డీజిల్ మాత్రమే లెక్కిస్తే దాదాపు 14 గ్రాములు, మొత్తం లెక్కలో 17. అందులో బొగ్గు, ధాన్యం వంటి బరువు సరుకులతో నిండిన చాలా పొడవాటి రైళ్లున్నాయి. కంటైనర్ల డీజిల్ రైలుకు మీ లెక్క ఖాళీ పరుగుతో కలిపి అంతకన్నా తక్కువ వస్తే, భాగించిన బరువులో వ్యాగన్లు కలిశాయేమో ముందు చూడండి. 80 దాటితే సరుకు బరువు గానీ తిరుగు దారి సరుకు గానీ ఎక్కడో జారిపోయి ఉంటుంది.